కోడికి ఎంత చోటు? చట్టం తేల్చాల్సిన లెక్క

వాణిజ్య ఫారంలో గుడ్లు పెట్టే ఒక్కో కోడికి దక్కే చోటును చదరపు సెంటీమీటర్లలో కొలుస్తారు. మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత సుమారు 450. మామూలు ఏ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. అందులో ముప్పాతిక కూడా కోడికి రాదన్నమాట. ఇనుప తీగలతో అల్లిన 'బ్యాటరీ బోను'లో కొన్ని కోళ్లను కలిపి ఉంచుతారు. అడుగు కూడా తీగే. పెట్టిన గుడ్డు దొర్లుకుంటూ ముందువైపు అంచుకు చేరాలి కాబట్టి ఆ అడుగును వాలుగా అమరుస్తారు. నాలుగు నెలల వయసు దాటాక బోనెక్కిన పెట్ట, గుడ్లు తగ్గి కిలోల లెక్కన అమ్ముడుపోయే రోజు దాకా, అంటే ఏడాదికి పైగా, అందులోంచి బయటికి రాదు. ఆ చోటు ఎంత ఉండాలి, అందులో ఏమేం ఉండాలి, ఉన్నాయో లేదో ఎవరు చూడాలి? ఈ మూడు ప్రశ్నలకు ప్రభుత్వం చెప్పే జవాబే కోళ్ల సంక్షేమ ప్రమాణాల నియంత్రణ.

ఈ జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రాణులు కోట్లలో ఉన్నాయి. 2019 నాటి ఇరవయ్యో పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు కలిపి 85 కోట్లకు పైమాటే. అందులో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 10 కోట్ల 80 లక్షలు, తెలంగాణలో 8 కోట్లు. 2023-24లో దేశం ఉత్పత్తి చేసిన 14,277 కోట్ల గుడ్లలో దాదాపు 18 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, దాదాపు 13 శాతం తెలంగాణవి. దేశం తినే ప్రతి పది గుడ్లలో మూడు తెలుగు నేల మీదివే. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి.వి.రావు, 1982లో రైతులను కూడగట్టి జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టిన నాటి నుంచి ఈ పరిశ్రమ ఎదుగుదలలో తెలుగువారి చెయ్యి పెద్దది. గుడ్డు ధర ఎంతో రోజూ పత్రికల్లో చదివే పాఠకుడికి ఆ గుడ్డు పెట్టిన కోడి ఎలా బతుకుతోందన్నది మాత్రం అరుదుగానే తెలుస్తుంది.

ముందు కోడి అవసరాల సంగతి చూడాలి. పల్లెలో పెరటి కోడిని చూసినవారికి ఇది కొత్త విషయం కాదు. గుడ్డు పెట్టే వేళకు పెట్ట కాలు నిలవక తిరుగుతుంది. గడ్డివామి మూలో, గాదె కిందో, పాత గంపో వెతుక్కుని అందులో కుదురుకుంటుంది. పగలంతా కాళ్లతో నేల కెలికి గింజా పురుగూ ఏరుకుంటుంది. ఎండపూట మట్టిలో పొర్లి ఈకలు దులుపుకుంటుంది. చీకటి పడితే ఎత్తుగా ఉన్న చోటెక్కి ముడుచుకుంటుంది. ఇవన్నీ పుట్టుకతో వచ్చినవే. తరతరాల ఎంపికతో ఏడాదికి మూడొందల గుడ్లు పెట్టేలా తయారైన లేయర్ జాతుల్లో కూడా అవి చెరిగిపోలేదు. గూడు లేని బోనులో గుడ్డు పెట్టబోయే పెట్ట అటూ ఇటూ తిరగబోయి తోటి కోళ్లను ఒరుసుకుంటుంది. మట్టి లేకున్నా తీగ మీదే పొర్లాడబోతుంది. ఎంత చోటు కావాలన్నది కూడా శాస్త్రం కొలిచి చూసింది. జంతు ప్రవర్తన శాస్త్రవేత్త మారియన్ డాకిన్స్, ఆమె సహ పరిశోధకురాలు 1989లో ప్రచురించిన కొలతల ప్రకారం, ఊరికే నిలబడిన పెట్ట సగటున 475 చదరపు సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. రెక్క చాచాలంటే 893, వెనక్కి తిరగాలంటే 1,272, రెక్కలు టపటపలాడించాలంటే 1,876 కావాలి. 450 అంటే నిలబడడానికి కూడా పక్క కోడి చోటులోంచి అప్పు తెచ్చుకోవాల్సిందే.

కదలిక లేని బతుకు ఎముకల్లో కనిపిస్తుంది. లేయర్ కోడి ప్రతి గుడ్డు పెంకుకూ తన ఒంట్లోని కాల్షియం ధారపోస్తుంది. ఆపైన నడక, ఎగరడం లేకపోతే ఎముకలు గుల్లబారతాయి. బ్రిటన్‌లో 1989లోనే జరిగిన ఒక అధ్యయనంలో, బోనుల నుంచి తీసి కబేళాకు చేర్చిన కోళ్లలో 29 శాతానికి, వాటిని స్పృహ తప్పించే దశకు ముందే, ఏదో ఒక ఎముక విరిగి ఉందని తేలింది. బోనులోంచి కాళ్లు పట్టి లాగేటప్పుడే చాలా ఎముకలు విరుగుతాయి. అయితే బోను తీసేస్తే కష్టాలన్నీ తీరిపోతాయనుకోవడం కూడా పొరపాటే. ఊక పరిచిన షెడ్లలో, అంతస్తులుగా కర్రలు కట్టిన చోట్ల కోళ్లు ఎగరబోయి రొమ్ము ఎముక విరగ్గొట్టుకోవడం ఎక్కువ. ఒకదాన్నొకటి పొడుచుకుని చంపుకోవడమూ ఉంటుంది. రెట్టతో, ఊకతో నిత్యం తగలడం వల్ల పరాన్నజీవుల బెడద పెరుగుతుంది. ఈ సమస్యలకు మందు మంచి జాతి ఎంపిక, వెలుతురు నియంత్రణ, కెలుక్కోవడానికి తగిన మేత, పనివాళ్ల నేర్పు. బోనులోని కోడికి మాత్రం ఎంత నేర్పరి యజమాని దొరికినా తిరగడానికి చోటు రాదు. రెండు పద్ధతుల మధ్య అసలు తేడా ఇదే.

మన చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. మాట మాత్రం పొడిగా ఉంది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో లేవనెత్తిన చర్చ ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, జంతువును సంరక్షిస్తున్న ప్రతి వ్యక్తీ దాని క్షేమానికి తగిన చర్యలు తీసుకోవాలని మూడో సెక్షన్‌లో చెప్పింది. పదకొండో సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. కదలడానికి సహేతుకమైన అవకాశం ఇవ్వనంత ఇరుకైన పంజరంలో జంతువును బంధించడం నేరమంటుంది. ఈ వాక్యాన్ని అక్షరాలా అన్వయిస్తే దేశంలోని బ్యాటరీ బోనుల్లో చాలావాటికి చట్టంలో చోటే లేదు. అమలు దగ్గరే చిక్కంతా. సహేతుకం అంటే ఎంత? తనిఖీ అధికారి టేపు పట్టుకుని వెళ్లినా కొలిచి పోల్చడానికి ఈ చట్టంలో అంకె లేదు. నేరం రుజువైతే మొదటిసారి పడే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. 1960లో ఆ సొమ్ముకు ఎంతో కొంత విలువ ఉండేది. వేల కోళ్ల షెడ్డు నడిపేవారికి ఈనాడు అది ఒక పూట టీ ఖర్చు.

2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువులకు ఐదు స్వేచ్ఛలను గుర్తించింది. ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, నొప్పి, గాయం, రోగాల నుంచి, భయాందోళనల నుంచి విముక్తి, సహజ ప్రవర్తనకు స్వేచ్ఛ అన్నవి ఆ ఐదు. చట్టంలోని మూడు, పదకొండు సెక్షన్లను వీటి వెలుగులోనే చదవాలంది. జల్లికట్టు వ్యవహారం ఆ తర్వాత వేరే మలుపు తిరిగినా, జంతువుల క్షేమం యజమాని దయాదాక్షిణ్యం కాదని, చట్టబద్ధమైన బాధ్యతని ఆ తీర్పు స్థిరపరిచింది. కానీ సూత్రం ఎంత గొప్పదైనా కోళ్ల షెడ్డు దాకా చేరాలంటే దాన్ని కొలతగా మార్చే నిబంధన కావాలి.

కొలత ఉన్నంత మాత్రాన పని జరగదనడానికి కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. జంతువుల రవాణా నిబంధనలకు 2001లో చేసిన సవరణలో కోళ్లకు ప్రత్యేక అధ్యాయం చేర్చారు. ఎండ, వాన, నేరుగా తగిలే గాలి నుంచి కోళ్లకు రక్షణ ఉండాలని, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటినప్పుడు, 15 డిగ్రీల కంటే తగ్గినప్పుడు వాటిని రవాణా చేయరాదని అందులో ఉంది. తణుకు నుంచో షాద్‌నగర్ నుంచో బయల్దేరే కోళ్ల వ్యానుకు ఈ లెక్కన ఏడాదిలో ఎన్ని పగళ్లు అనుకూలిస్తాయి? ఎవరూ పాటించలేని అంకెను చట్టంలో రాస్తే పాటించగలిగిన మిగతా అంకెలు కూడా విలువ కోల్పోతాయి. తనిఖీకి వచ్చిన అధికారి మొత్తం అధ్యాయాన్నే పక్కన పెడతాడు. ప్రమాణం రాసేవారు ఇక్కడి ఎండను, ఇక్కడి దారులను, ఇక్కడి వ్యాపార సమయాలను చూసి రాయాలి. రాత్రి ప్రయాణం, ఒక్కో ట్రేకు ఎన్ని కోళ్లు, ఆగిన వ్యానుకు నీడ, గరిష్ఠ ప్రయాణ సమయం వంటివి కొలవగలిగినవే, పాటించగలిగినవే.

కొలతల చరిత్ర యూరప్‌లో ఎక్కువగా నడిచింది. అక్కడ గెలిచినవీ ఓడినవీ రెండూ మనకు పనికొచ్చేవే. 1964లో బ్రిటన్‌లో రూత్ హారిసన్ రాసిన 'యానిమల్ మెషీన్స్' పుస్తకం ఫ్యాక్టరీ తరహా పశుపోషణను సామాన్య పాఠకుల ముందుకు తెచ్చింది. కలవరపడ్డ ప్రభుత్వం ఎఫ్.డబ్ల్యు.రోజర్స్ బ్రాంబెల్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1965 డిసెంబరులో ఇచ్చిన నివేదికలో ఆ కమిటీ అడిగింది చాలా తక్కువ. జంతువుకు తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, లేవడానికి, పడుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచడానికి అడ్డు ఉండకూడదంది. సుప్రీంకోర్టు ఉదహరించిన ఐదు స్వేచ్ఛలకు వేరు ఇక్కడే ఉంది. అరవయ్యేళ్ల తర్వాత కూడా ప్రపంచంలోని కోట్ల లేయర్ కోళ్లకు ఆ కనీస కోరిక తీరలేదు.

యూరోపియన్ సముదాయం 1986లో తొలిసారి చట్టంలో అంకె రాసింది. ఒక్కో కోడికి 450 చదరపు సెంటీమీటర్లు. పత్రాల తయారీలో జరిగిన విధానపరమైన లోపం వల్ల యూరప్ న్యాయస్థానం దాన్ని 1988లో కొట్టేసింది. అదే అంకెతో వెంటనే మరో ఆదేశం వచ్చింది. ఈ 450 కోడి ఒంటిని కొలిచి తేల్చింది కాదు. అప్పటి పరిశ్రమ భరించగలనన్న కొలతకు చట్టం ముద్ర వేసిందంతే. స్విట్జర్లాండ్ మాత్రం వేరే దారి పట్టింది. 1981 నాటి నిబంధనల్లో గూడు, వాలే కర్ర తప్పనిసరి చేసి, మారడానికి పదేళ్ల గడువిచ్చింది. 1992 కల్లా అక్కడ బ్యాటరీ బోను కనుమరుగైంది. కొత్త రకం షెడ్డు సామాను అమ్మాలంటే అది కోడికి సరిపడుతుందో లేదో ముందే పరీక్షించి అనుమతి ఇచ్చే పద్ధతిని కూడా ఆ దేశం పెట్టుకుంది. తప్పు కట్టాక రైతును శిక్షించే కంటే, తప్పుడు సామాను మార్కెట్లోకి రాకుండా ఆపడం అందరికీ మేలు. మన దేశంలో బోనులు తయారుచేసే సంస్థలను ఇప్పటిదాకా ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

కొలతకు కోడి ఒళ్లే ఆధారం కావాలని తేల్చింది జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం. 1987 నాటి జర్మన్ నిబంధన యూరప్ అంకెనే తీసుకుని 450 చదరపు సెంటీమీటర్ల చోటు, 10 సెంటీమీటర్ల మేత తొట్టి అంచు చాలంది. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్ర ప్రభుత్వం దాన్ని సవాలు చేసింది. 1999 జులై 6న వచ్చిన తీర్పులో న్యాయమూర్తులు పెద్ద తత్వచర్చలోకి వెళ్లలేదు. సగటు లేయర్ కోడి పొడవు 47.6 సెంటీమీటర్లు, వెడల్పు 14.5 అన్న కొలతను తీసుకున్నారు. రెండింటినీ గుణిస్తే 690. బోనులోని కోళ్లన్నీ ఒకేసారి కూర్చోవాలంటే 450 చాలదు. 14.5 సెంటీమీటర్ల వెడల్పున్న కోళ్లు 10 సెంటీమీటర్ల తొట్టి దగ్గర పక్కపక్కన నిలబడి ఒకేసారి తినలేవు. నిద్ర, తిండి అన్న కనీస అవసరాలే తీరనప్పుడు ఆ నిబంధన జంతు సంరక్షణ చట్టానికే విరుద్ధమని, చెల్లదని కొట్టేశారు. కరుణ గురించి ఎన్ని ప్రసంగాలు చేసినా రాని ఫలితం స్కేలుతో చేసిన ఒక గుణకారంతో వచ్చింది.

అదే నెల 19న యూరోపియన్ యూనియన్ కొత్త ఆదేశం తెచ్చింది. దాని అంచెలను గమనించాలి. 2003 జనవరి 1 నుంచి పాత తరహా బోనులో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఇవ్వాలి, అలాంటి బోనులు కొత్తగా కట్టకూడదు. 2012 జనవరి 1 నుంచి వాటిని అసలు వాడకూడదు. ఆ తర్వాత మిగిలేవి రెండే దారులు. ఒకటి, గూడు, కెలుక్కోవడానికి పొట్టు, కోడికి 15 సెంటీమీటర్ల చొప్పున వాలే కర్ర, గోళ్లు అరిగే ఏర్పాటు ఉండి, కోడికి 750 చదరపు సెంటీమీటర్లు ఇచ్చే మెరుగైన బోను. రెండోది, చదరపు మీటరుకు తొమ్మిది కోళ్లకు మించకుండా, ఏడు పెట్టలకు ఒక గూడు చొప్పున ఉండే బోను లేని షెడ్డు. 350 కంటే తక్కువ కోళ్లున్న చిన్న రైతులను ఈ ఆదేశం వదిలేసింది. పన్నెండున్నరేళ్ల గడువు ఇవ్వడానికి కారణం ఉంది. ఒకసారి పెట్టిన బోనుల అప్పు తీరి, అవి అరిగి, కొత్తవి కొనాల్సిన సమయానికి మార్పు జరిగితే రైతు మీద రెండు అప్పులు పడవు.

అంత గడువిచ్చినా 2012 జనవరి నాటికి 13 సభ్య దేశాలు పని పూర్తిచేయలేదు. ఐరోపా కమిషన్ ఆ నెలాఖరుకే వాటికి నోటీసులు పంపింది. గడువు పాటించి ఖర్చు పెట్టుకున్న రైతులు, పాటించని పొరుగు దేశపు చవక గుడ్లతో పోటీ పడాల్సి వస్తోందని గోల పెట్టారు. ఇటలీ, గ్రీస్ మీద 2014లో యూరప్ న్యాయస్థానం తీర్పులిచ్చేదాకా వ్యవహారం సాగింది. హఠాత్తుగా బోనులు తీసేసిన చోట్ల 2012 వసంతంలో గుడ్లకు కొరత వచ్చి ధరలు ఎగబాకాయి. గడువు దగ్గర పడేదాకా చూసీచూడనట్టు ఊరుకున్న ప్రభుత్వాలదే ఈ తప్పు. ఏటేటా ఎంతశాతం మార్పు జరిగిందో లెక్క తీసి ప్రకటించి ఉంటే ఆ గందరగోళం తప్పేది. అంతకుముందే యూరప్ చేసిన ఒక చిన్న పని మాత్రం పెద్ద ఫలితమిచ్చింది. 2004 నుంచి ప్రతి గుడ్డు పెంకు మీదా పెంపకం పద్ధతిని తెలిపే అంకె ముద్రిస్తున్నారు. సేంద్రియమైతే సున్నా, ఆరుబయట తిరిగే కోడిదైతే 1, షెడ్డులో తిరిగేదైతే 2, బోనుదైతే 3. వంటింట్లో గుడ్డు కొట్టే ముందు ఎవరైనా ఆ అంకె చూడొచ్చు. చట్టం ఇంకా మెరుగైన బోనుల్ని అనుమతిస్తున్నా, ఆ 3వ నంబరు గుడ్డును అల్మరాల్లోంచి తీసేసిన దుకాణాల గొలుసులు అక్కడ చాలా ఉన్నాయి.

ఆ ప్రయాణమూ పూర్తి కాలేదు. బోనులన్నీ తొలగించాలంటూ దాదాపు 14 లక్షల మంది పౌరులు సంతకాలు చేసిన విజ్ఞప్తికి స్పందిస్తూ, 2023 చివరికల్లా చట్ట ప్రతిపాదన తెస్తామని ఐరోపా కమిషన్ 2021 జూన్‌లో మాటిచ్చింది. ఆ గడువులోగా ప్రతిపాదన రాలేదు. అమెరికాలో పరిస్థితి ఇంకా విచిత్రం. 1958 నాటి మానవీయ వధ చట్టం కోళ్లకు వర్తించదు. ఫారం కోళ్ల పెంపకానికి సమాఖ్య స్థాయిలో సంక్షేమ చట్టమే లేదు. కాలిఫోర్నియా ఓటర్లు 2018లో ఆమోదించిన 12వ ప్రతిపాదన బోనుల్లోని కోళ్ల గుడ్లను తమ రాష్ట్రంలో అమ్మడాన్నే నిషేధించింది. ఆ ప్రతిపాదనలోనే పంది మాంసానికి పెట్టిన షరతుల మీద ఉత్పత్తిదారులు వేసిన కేసును 2023 మేలో అక్కడి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఎక్కడ ఉత్పత్తి అయిందన్నది కాక ఎక్కడ అమ్ముతున్నారన్నది పట్టుకుంటే, బయటి చవక సరుకు లోపలి మంచి రైతును దెబ్బతీయకుండా ఆపవచ్చన్నది ఆ రాష్ట్రం చూపిన ఉపాయం.

మాంసం కోళ్ల లెక్క వేరు. బ్రాయిలర్లు బోనులో ఉండవు, ఊక పరిచిన నేల మీద పెరుగుతాయి. వాటి కష్టం వేగంగా పెరిగే ఒళ్లే. నలభై రోజులు తిరిగేసరికి రెండు కిలోలు దాటే ఒంటిని మోయలేక కాళ్లు వంగుతాయి, గుండె అలుస్తుంది. అందుకే ఇక్కడ కోళ్ల సంఖ్యను కాక బరువును కొలవాలి. 2010 జూన్ నుంచి అమలవుతున్న యూరప్ ఆదేశం చదరపు మీటరుకు 33 కిలోలు దాటరాదంటుంది. గాలి నాణ్యత నిరూపిస్తే 39, వరుస బ్యాచ్‌లలో మరణాలు తక్కువని లెక్క చూపితే 42 దాకా అనుమతి. రెండు కిలోల కోడి లెక్కన 33 కిలోలంటే పదహారు కోళ్లు, 42 అంటే ఇరవై ఒకటి. 33 కిలోలు దాటిన షెడ్ల గాలిలో అమ్మోనియా పది లక్షల్లో 20 వంతులు దాటకూడదు. రోజుకు మొత్తం కనీసం ఆరు గంటల చీకటి ఉండాలి. ఇందులో మెచ్చదగ్గది కబేళా దగ్గరి తనిఖీ. తడిసిన ఊకలోని అమ్మోనియా కోడి అరికాలిని కాల్చి నల్లటి పుండు చేస్తుంది. షెడ్డులో దాన్ని దాచొచ్చు, కబేళాలో వేలాడే కాలు మీద దాచలేరు. పశువైద్యుడు అరికాళ్లు చూసి ఆ రైతు షెడ్డు ఎలా ఉందో చెప్పగలడు. తనిఖీ సిబ్బంది కొరత ఉన్న దేశానికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన పద్ధతి లేదు. అయితే మన దగ్గర కోళ్లలో ఎక్కువ భాగం సందు చివరి చికెన్ దుకాణంలో ప్రాణంతోనే అమ్ముడవుతాయి. అందుకే ఈ పద్ధతి ఇక్కడ ముందుగా పెద్ద ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గరే మొదలవ్వాలి.

హేచరీ దగ్గర ఇంకో అధ్యాయం ఉంది. లేయర్ జాతి మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ పెరగవు. అందుకే పుట్టిన రోజే వాటిని చంపేయడం ప్రపంచమంతటా ఆనవాయితీ. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. గుడ్డులో ఉండగానే లింగం తేల్చే యంత్రాలు అక్కడ వాడకంలోకి వచ్చాయి. ఆ యంత్రాలు మనకు చేరడానికి సమయం పట్టినా, పిల్లలను నీటిలో ముంచి, సంచుల్లో కుక్కి ఊపిరాడకుండా చంపే పద్ధతులను ఇప్పుడే ఆపడానికి ఖర్చు అడ్డం కాదు.

మన దేశంలో కదలిక ఆలస్యంగా మొదలైంది. ఆకలితో మాడ్చి ఈకలు రాల్పించి మళ్లీ గుడ్లకు తెచ్చే పద్ధతి చట్టవిరుద్ధమని జంతు సంక్షేమ మండలి 2011లో ప్రకటించింది. బ్యాటరీ బోనులు పదకొండో సెక్షన్‌కు విరుద్ధమని, 2017 కల్లా వాటిని తొలగించాలని రాష్ట్రాలకు సూచించింది. సూచన సూచనగానే మిగిలింది. 2017 జులైలో జస్టిస్ బి.ఎస్.చౌహాన్ నేతృత్వంలోని లా కమిషన్ 269వ నివేదికలో లేయర్లకు, బ్రాయిలర్లకు వేర్వేరుగా ముసాయిదా నిబంధనలు రాసిచ్చింది. బ్యాటరీ బోనులు వద్దని, ఫారాలకు పశుసంవర్ధక శాఖ ధ్రువీకరణ ఉండాలని, రోగం లేకుండా యాంటీబయాటిక్స్ వాడొద్దని చెప్పింది. 2019 ఏప్రిల్‌లో కేంద్రం ప్రజాభిప్రాయానికి పెట్టిన గుడ్ల కోళ్ల ముసాయిదా దీనికంటే ఒక అడుగు వెనక్కి వేసింది. బోను ఉండొచ్చు, కోడికి 550 చదరపు సెంటీమీటర్లు ఇవ్వాలి అంది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్స్ వద్దంది. చనిపోయిన పిల్లల అవశేషాలను దాణాలో కలపొద్దంది. అదే ఏడాది జులైలో ఆరోగ్య శాఖ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా నిషేధించింది. ఇరుకు షెడ్లను మందులతో నెట్టుకొచ్చే అలవాటు మనిషి ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తోందని ఆ నిర్ణయం ఒప్పుకున్నట్టే.

550 అన్న అంకె దగ్గర ఆగి ఆలోచించాలి. యూరప్ దాన్ని తొమ్మిదేళ్ల తాత్కాలిక మజిలీగా పెట్టుకుని 2012లో వదిలేసింది. జర్మన్ కోర్టు గుణకారం ప్రకారం కోళ్లన్నీ కలిసి కూర్చోవడానికి కూడా అది చాలదు. మన రైతు ఈ కొలతకు బోనులు మార్చి అప్పు చేస్తే, ఆ బోనులు పదిహేనేళ్లకు పైగా నిలుస్తాయి. ఆ తర్వాత ప్రమాణం పెంచుదామంటే అప్పు తీరని రైతే అడ్డం నిలబడతాడు, అందులో తప్పూ ఉండదు. కాబట్టి 450 నుంచి 550కి వెళ్లడం చిన్న మేలు చేసి పెద్ద మార్పును ఒక తరం వెనక్కి నెట్టే నిర్ణయం. పాత బోనుల్లో కోళ్ల సంఖ్య తగ్గించి 550 పాటించమనడం వేరు. దానికి కొత్త పెట్టుబడి అక్కర్లేదు. కొత్తగా కట్టే ప్రతి షెడ్డుకూ మాత్రం గూడు, కర్ర, కెలికే నేల తప్పనిసరి చేయాలి. ఈ రెండూ ఒకే నిబంధనలో వేర్వేరు తేదీలతో ఉండాలి.

చోటు ఒక్కటే కాదు, ఎండ కూడా ఇక్కడ ప్రమాణం కావాలి. బయట 30 డిగ్రీలు దాటినప్పుడు షెడ్డు లోపలి వేడి బయటి కంటే మూడు డిగ్రీలకు మించి పెరగకూడదని యూరప్ బ్రాయిలర్ ఆదేశం చెబుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో బయటే 45 డిగ్రీలుంటే ఆ వాక్యం కోడిని కాపాడదు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి ఎగరొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. పక్కన మరో వేడి ఒళ్లు ఒరుసుకుంటుంటే అదీ కుదరదు. వడదెబ్బకు షెడ్లలో కోళ్లు రాలిపోవడం ఏటా వేసవిలో తెలుగు జిల్లాల్లో కనిపించేదే. షెడ్డు దిశ, కప్పు మీద నీళ్లు చల్లే ఏర్పాటు, ఫాగర్లు, ఫ్యాన్లకు కరెంటు పోతే జనరేటరు, మధ్యాహ్నం ఎగరొప్పే కోళ్ల శాతం, రోజుకు ఎన్ని చనిపోతే పశువైద్యుడికి తెలియజేయాలి అన్నవి మన నిబంధనల్లో మొదటి పేజీలోనే ఉండాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాలను కుదిపేసిన బర్డ్‌ఫ్లూ తర్వాత మరణాల లెక్క వెంటనే బయటికి రావడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

బాధ్యత ఎవరిదన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. బ్రాయిలర్ రంగంలో పెద్ద భాగం ఇంటిగ్రేషన్ పద్ధతిలో నడుస్తోంది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, నీళ్లు, కరెంటు, చాకిరీ రైతువి. కిలోకు ఇంత అని పెంపకం కూలీ రైతు చేతికొస్తుంది. షెడ్డులో ఎన్ని పిల్లలు దించాలో, ఏ జాతివి దించాలో, ఏ రోజు ఎత్తుకెళ్లాలో కంపెనీయే తేలుస్తుంది. కానీ 1960 చట్టం కోడి సంరక్షణ చూస్తున్న వ్యక్తి మీదే బరువు పెడుతుంది. తనిఖీ జరిగితే దొరికేది రైతే. ఒప్పందంలో పిల్లల సంఖ్యను నిర్ణయించేది ఎవరో, ఇరుకుకు జవాబు చెప్పాల్సిందీ వారేనని నిబంధన స్పష్టంగా రాయాలి. లేయర్ రైతు పరిస్థితి మరో రకం. ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. మొక్కజొన్న, సోయా ధర పెరిగిన ఏడాది గుడ్డు మీద పైసల్లో మిగులుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అలాంటి రైతును రాయితీ రుణం లేకుండా షెడ్డు మార్చమంటే ఫారం మూసేస్తాడు, ఆ కోళ్లు ఇంకా పెద్ద కంపెనీ షెడ్లలోకి చేరతాయి.

మార్పు ఖర్చును మోయగల కొనుగోలుదారుల్లో ప్రభుత్వం పెద్దది. మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ, సంక్షేమ హాస్టళ్ల కోసం రెండు తెలుగు రాష్ట్రాలూ ఏడాది పొడవునా టెండర్ల మీద గుడ్లు కొంటున్నాయి. ఆ టెండరులో గుడ్డు బరువు, తాజాదనం గురించిన షరతులు ఇప్పటికే ఉంటాయి. వాటి పక్కనే కోడికి ఇచ్చిన చోటు ఎంత, గూడు ఉందా, ఏడాదిలో మరణాల శాతం ఎంత అన్న మూడు వరుసలు చేర్చవచ్చు. మొదటి ఏడాది మొత్తం కొనుగోలులో పదో వంతుకు మాత్రమే ఈ షరతు పెట్టి, ఆ గుడ్లకు కొంత ఎక్కువ ధర చెల్లించి, ఏటా ఆ వాటా పెంచుకుంటూ పోతే రైతుకు ముందే తెలిసిన మార్కెట్ దొరుకుతుంది, బ్యాంకుకు హామీ దొరుకుతుంది. దీనికి పార్లమెంటు చట్టం కోసం ఆగనక్కర్లేదు, ఆ గుడ్లు కొనే రాష్ట్ర శాఖల ఉత్తర్వు చాలు.